ప్రకృతిశ్రవణం: సంస్కృత శాస్త్రకావ్యాల పఠనంలో దాని స్థానం

భారతీయ విద్యాసంప్రదాయంలో శ్రవణ మనన నిదిధ్యాసనాలు మూడూ ఒక క్రమంలో చెప్పబడినవి. వాటిలో మొదటిది శ్రవణం. వేదానికి శ్రుతి అనే పేరు వచ్చినది కూడ వినికిడి వల్లనే. అయితే శ్రవణమనగానే గురుముఖతః వినడమే స్ఫురించడం పరిపాటి అయినది. గురువు కంఠధ్వనికి తోడు మరొక ధ్వనిప్రపంచం కూడ విద్యార్థి చెవికి పరిచితమై ఉంటుందన్న నమ్మకంతో ప్రాచీనులు అనేక శాస్త్రవాక్యాలను రచించారు. అది కాకులది, కోళ్లది, కప్పలది, వానది, ఎండుటాకులది. ఆ పరిచయం లేనివానికి ఆ వాక్యాల పదార్థం తెలుస్తుందే కాని వాక్యార్థం అనుభవానికి రాదు.

నేటి తరగతిగదిలో ఈ లోటు ఒక చిన్న మాటలో దాగి ఉన్నది. ఆ మాట ‘పక్షివిశేషః’. చాషమంటే పక్షివిశేషం, క్రౌంచమంటే పక్షివిశేషం, టిట్టిభమంటే పక్షివిశేషం. నిఘంటువులు, వ్యాఖ్యానాలు ఈ మాటను సంక్షేపం కోసం వాడినవి. తమ పాఠకులకు ఆ పక్షి ఏదో తెలుసునన్న ధైర్యం వాటికి ఉన్నది. ఆ తెలివిడి తొలగిపోయిన తరువాత కూడ అదే మాటను అర్థంగా వల్లించడం వల్ల శాస్త్రకారుడు చూపిన నిదర్శనం నిదర్శనంగా నిలవడం లేదు. శిక్ష, నిరుక్తం, వేదసూక్తం, కావ్యం అనే నాలుగు చోట్ల ఈ నష్టం ఎటువంటిదో, దానిని పూరించే మార్గమేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాత్రాకాలం

వర్ణోచ్చారణలో హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, ప్లుతానికి మూడు, వ్యంజనానికి అర్ధమాత్ర అని శిక్షాకారుల నిర్ణయం. ఒక మాత్ర అంటే ఎంత కాలం? ఈ ప్రశ్నకు పాణినీయశిక్ష ప్రాణుల ధ్వనులతో సమాధానం చెప్పినది. చాషం పలికేది ఒక మాత్ర, కాకి పలికేది రెండు మాత్రలు, నెమలి పలికేది మూడు మాత్రలు, ముంగిస పలికేది అర్ధమాత్ర. ఇతర శిక్షాగ్రంథాలలోనూ ఇటువంటి పోలిక కనబడుతున్నది.

చాషం తెలుగువారి పాలపిట్ట. అమరకోశం దీనికి కికీదివి అని మరొక పేరు చెప్పినది. విజయదశమినాడు పాలపిట్టను చూడడం శుభమని తెలుగునాట నమ్మకం. తెలంగాణకు ఇది రాష్ట్రపక్షి. దీనిని ఏడాదికొకసారి చూడాలన్న ఆరాటం ఉన్నవారు అనేకులు. దర్శనం కోసం దీనిని పట్టి పంజరంలో పెట్టి ఊరేగించడం కూడ జరుగుతూ వచ్చినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చూడదలచినవారు అనేకులైనా విన్నవారు అరుదు. తీగమీదనో మోడుమీదనో వాలిన పాలపిట్ట కరకుగా, పొట్టిగా, తెంచినట్లుగా ఒక్క ధ్వని చేస్తుంది. దానిని ఒకసారి విన్నవానికి హ్రస్వమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. కాకి ‘కా’ అనడంలో దీర్ఘం స్పష్టం. నెమలి కేక ఇంకా సాగి, ఊరి పొలిమేర దాటి వినిపిస్తుంది.

ఈ మూడవ పోలికలో ఒక ఔచిత్యం ఉన్నది. దూరాన ఉన్నవానిని పిలిచేటప్పుడు వాక్యాంతస్వరం ప్లుతమవుతుందని అష్టాధ్యాయి (8.2.84) విధించినది. పొలంలో ఉన్న మనిషిని గట్టుమీద నుండి పిలిచే తెలుగు రైతు నోట ఈ ప్లుతం నేటికీ సహజంగా పలుకుతున్నది. నెమలి కేక కూడ దూరానికి చేరవలసిన ధ్వనియే. కనుక మూడు మాత్రలకు నెమలిని నిదర్శనంగా చూపినవారు కాలప్రమాణాన్నే కాక, ప్లుతం వాడుకలోని ప్రయోజనాన్ని కూడ సూచించినట్లయినది.

హ్రస్వదీర్ఘప్లుత సంజ్ఞలను విధించే పాణినిసూత్రం (1.2.27) అకారాన్ని గాని ఇకారాన్ని గాని గ్రహించక ఉకారాన్నే ఎందుకు గ్రహించినదన్న ప్రశ్నకు వ్యాఖ్యాతృసంప్రదాయం చెప్పే సమాధానం ప్రసిద్ధం. కోడికూతలో ఉకారపు మూడు పరిమాణాలూ క్రమంగా వినబడుతాయి. తెల్లవారుజామున లేచి పాఠం వల్లించే విద్యార్థికి ఆ సూత్రానికి ఉదాహరణ పెరట్లోనే ఉన్నది. గడియారం లేని కాలంలో ఎవరికి వారు తమ ఉచ్చారణవేగాన్ని బట్టి మాత్రను నిర్ణయించుకొంటే పాఠభేదాలు పుట్టుకువస్తాయి. వక్త ఇష్టాయిష్టాలకు లోబడని ప్రమాణం కావలసి వచ్చినది. అది పల్లెలో అందరి చెవికీ అందే ప్రాణిధ్వనిలో దొరికినది. ఈ పోలికలు అలంకారాలు కావు. అవి కొలతలు.

శబ్దానుకృతి

పక్షుల పేర్లకు, వాటి ధ్వనులకు గల సంబంధం యాస్కుని నిరుక్తంలో (3.18) వివాదవిషయమైనది. కాక అనే పేరు ధ్వనిని అనుకరించడం వల్ల ఏర్పడినదని, పక్షుల విషయంలో ఇది తరచుగా జరుగుతుందని యాస్కుడు పేర్కొన్నాడు. వెంటనే ఔపమన్యవుని అభిప్రాయాన్ని కూడ ఉదాహరించాడు. ఆయన మతంలో శబ్దానుకృతి అనేది లేదు. కాక శబ్దానికి కూడ ధాతువు నుండియే వ్యుత్పత్తి చెప్పాలి. తరువాత తిత్తిరి, కపింజల శబ్దాలకు యాస్కుడు చెప్పిన నిర్వచనాలలో రంగు, నడక, ధ్వని అనే వేర్వేరు ఆధారాలు కనిపిస్తున్నవి.

ఈ వివాదంలో ఏ పక్షాన్నీ తేలికగా తోసివేయడానికి వీలులేదు. తెలుగులో కాకి, కోయిల అన్న పేర్లు యాస్కుని వాదానికి బలమిచ్చేవి. తీతువు ఇంకా మంచి నిదర్శనం. సంస్కృతం దీనిని టిట్టిభమన్నది. టకారతకారాల భేదమున్నా రెండు పేర్లలోనూ వినిపించేది ఆ పక్షి గొంతే. కాని పేరు ఒకసారి ఏర్పడిన తరువాత భాషాసూత్రాలకు లోబడి మారుతుంది, ప్రత్యయాలు చేర్చుకొంటుంది, ఒక పక్షినుండి మరొక పక్షికి వ్యాపిస్తుంది. పేరును మాత్రమే పట్టుకొని ధ్వనిని ఊహించేవాడు పొరబడే అవకాశం ఉన్నది. ఔపమన్యవుని అభ్యంతరంలోని ఉపయోగమిదే. పేరు ధ్వనికి సాక్ష్యం కావచ్చును, కాకపోవచ్చును. నిర్ణయించేది చెవి.

తీతువు విషయంలో వినికిడికి మరొక ప్రయోజనం కూడ ఉన్నది. రాత్రివేళ తీతువు అరిస్తే అశుభమన్న భావన లోకంలో ఉన్నది. ఈ పక్షి చెట్టుమీద గూడు కట్టదు. నీటివనరులకు దగ్గరగా బయలునేలమీద గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. మనిషి గాని జంతువు గాని సమీపిస్తే పగలనక రేయనక అరుస్తూ చుట్టూ ఎగురుతుంది. ఆ అరుపు వినేవానికి రాబోయే కీడును చెప్పేది కాదు, తన గుడ్లకు కీడు రాకుండ కాచుకొనేది. పంచతంత్రం మిత్రభేదంలో సముద్రం అపహరించినది టిట్టిభం గుడ్లనే కావడం యాదృచ్ఛికం కాదు. నీటి ఒడ్డున నేలమీద గుడ్లు పెట్టే పక్షి అని తెలిసినవారు అల్లిన కథ అది.

అవ్యక్తధ్వనుల అనుకరణాన్ని పాణిని ‘అవ్యక్తానుకరణం’ అనే పేరుతో వ్యాకరణంలోకి గ్రహించి, వాటికి సంధికార్యాన్ని (6.1.98), ప్రత్యయాన్ని (5.4.57) విధించాడు. వర్ణాలుగా విడదీయరాని ధ్వనిని కూడ భాష తనలో ఎలా ఇముడ్చుకొంటున్నదో ఆయన గమనించాడు. అమరసింహుడు వస్త్రాల, ఆకుల ధ్వనికి మర్మరమని, ఆభరణాల ధ్వనికి శింజితమని, ఏనుగు ధ్వనికి బృంహితమని, గుర్రం ధ్వనికి హేష అని, నెమలి ధ్వనికి కేక అని వేర్వేరు పేర్లు కూర్చాడు.

ఈ విషయంలో తెలుగు సంస్కృతానికి తీసిపోదు. ఏనుగుది ఘీంకారం, గుర్రానిది సకిలింపు, ఆబోతుది ఱంకె, గాడిదది ఓండ్ర, నక్కది ఊళ, పాముది బుస. నీరు ఒక్కటే అయినా సెలయేరుగా జలజల పారుతుంది, కంటినుండి బొటబొట కారుతుంది, పొయ్యిమీద సలసల కాగుతుంది, చినుకులుగా చిటపట రాలుతుంది. ఈ మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడితే తెలుగు చెవి ఒప్పుకోదు. ధ్వన్యనుకరణ పదాలను పట్టికలుగా వల్లింపజేయడం కంటె, ఒక్కొక్క పదం వెనుక ఉన్న ధ్వనిభేదాన్ని గుర్తింపజేయడం భాషాబోధనకు ఎక్కువ మేలు.

మండూకసూక్తం

ఋగ్వేదం సప్తమమండలంలోని నూటమూడవ సూక్తం పది ఋక్కుల మండూకసూక్తం. దీనికి ఋషి వసిష్ఠుడు. వసిష్ఠుడు వర్షం కోరి పర్జన్యుని స్తుతించగా కప్పలు అనుమోదించినవని, అందుకు ఆయన వాటిని స్తుతించాడని యాస్కుడు చెప్పాడు. మాక్స్ ముల్లర్ దీనిని బ్రాహ్మణులపై అధిక్షేపంగా భావించాడు. సూక్తంలోని పరిశీలనను ఒక్కొక్కటిగా గమనిస్తే అధిక్షేపమన్న మాట నిలవదు.

ఏడాది పొడుగునా మౌనవ్రతంలో ఉన్నట్లు పడి ఉన్న కప్పలు వానతో గొంతు విప్పడం మొదటి పరిశీలన. ఎండిన కొలనులో అవి ఎండిన తోలుతిత్తిలా పడి ఉండడం రెండవది. వేసవిలో మట్టిలో చేరి కదలక మెదలక ఉండే కప్పను త్రవ్వి చూసినవారికి ఈ ఉపమానంలో అతిశయోక్తి కనిపించదు. ఒకటి ఆవువలె అరుస్తుంది, మరొకటి మేకవలె అరుస్తుంది, ఒకటి మచ్చలది, మరొకటి పచ్చనిది, పేరు ఒక్కటే అయినా రూపాలు వేరు, గొంతులు వేరు అనడం మూడవది. ఒకే మడుగులో పలు జాతుల కప్పలు కూడుతాయని, ప్రతి జాతికీ తనదైన పిలుపు ఉంటుందని నేటి జీవశాస్త్రం చెబుతున్నది. తొలకరిలో పసుపుపచ్చగా మారి, నీలిరంగు గొంతుసంచులు ఉబ్బించి బొంగురుగా అరిచే పెద్దకప్పను చూసినవారికి ఆవును పోలిన గొంతు ఎవరిదో ఊహించడం కష్టం కాదు.

నాలుగవ పరిశీలన అన్నిటికంటె సూక్ష్మమైనది. శిక్ష నేర్చేవాడు గురువు మాటను అనుసరించి పలికినట్లు ఒక కప్ప మాటను మరొక కప్ప పలుకుతున్నదని సూక్తం చెబుతున్నది. వేదపాఠశాలలో సంథ చెప్పే పద్ధతిలో గురువు పలికిన తరువాత శిష్యులు పలుకుతారు. ఇద్దరూ ఒకేసారి పలకరు. చెరువుగట్టున నిలిచినవానికి కప్పల అరుపు మొదట ఒకే రొదగా వినిపిస్తుంది. కొంతసేపు కదలకుండా విన్న తరువాత ఆ రొద విడిపోతుంది. దగ్గరి కప్పలు ఒకదాని విరామంలో మరొకటి అరవడం తెలియవస్తుంది. ఇరుగుపొరుగు కప్పలు తమ పిలుపులు ఒకదానిపై ఒకటి పడకుండ వంతులవారీగా అరవడం అనేక జాతులలో శాస్త్రజ్ఞులు గుర్తించిన విషయం. రొదలో క్రమాన్ని విన్న తరువాతనే ఋషికి గురుశిష్యుల ఉపమానం తోచి ఉండాలి.

ఈ సూక్తంలోనే మూడవ ఋక్కులో ‘అఖ్ఖలీ’ అనే అపురూపమైన మాట ఉన్నది. సాయణులు దీనిని శబ్దానుకరణంగా వ్యాఖ్యానించారు. జర్మన్ పండితుడు పాల్ టీమే ఇది అక్షర శబ్దానికి ప్రాకృతచ్ఛాయ గల రూపమని, అక్షరాలను వల్లించడమే దీని అర్థమని ప్రతిపాదించాడు. ఒకరికి అది కప్ప గొంతు, మరొకరికి అది విద్యార్థి పాఠం. యాస్క ఔపమన్యవుల వివాదం ఒక్క మాటలో మళ్లీ తల ఎత్తినది. రెండు అర్థాలూ ఋక్కులోని సందర్భానికి పొసగుతున్నవి. కప్పల గొంతులో పాఠాన్ని విన్న ఋషికి ఈ రెండింటికీ మధ్య దూరం లేకపోవచ్చును.

విన్నది, వర్ణించినది

గ్రంథాలలోని ప్రతి ప్రాణిధ్వనీ ప్రత్యక్షశ్రవణం నుండి వచ్చినదని భావించడం కూడ పొరపాటే. సప్తస్వరాల విషయమే దీనికి ఉదాహరణ. నారదీయశిక్ష షడ్జానికి నెమలిని, ఋషభానికి గోవును, గాంధారానికి మేకను, మధ్యమానికి క్రౌంచాన్ని, పంచమానికి కోకిలను, ధైవతానికి గుర్రాన్ని, నిషాదానికి ఏనుగును చెప్పినది. 13వ శతాబ్దినాటి శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరంలో ఋషభానికి చాతకం, ధైవతానికి కప్ప వచ్చి చేరినవి. పైగా కోకిల కూత ఒకే స్థాయిలో నిలవదు. ఒక్కొక్క కూతకు స్థాయి పెరుగుతూ పోయి ఉన్నట్టుండి ఆగిపోతుంది. కనుక ఈ పట్టికను స్వరాలకు గుర్తులుగా గ్రహించవచ్చునే కాని మాత్రలకు చెప్పిన పోలికతో సమానమైన కొలతగా గ్రహించరాదు. రెండూ శిక్షాగ్రంథాలలోనివే. వాటి ప్రామాణ్యం మాత్రం ఒకటి కాదు.

ఈ భేదం ప్రాచీనులకు తెలియనిది కాదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవిసమయాలను విభజిస్తూ, లేనిదానిని వర్ణించడం, ఉన్నదానిని వర్ణించకపోవడం, పలుచోట్ల ఉన్నదానిని ఒకచోటికే నియమించడం అని మూడు విధాలు చెప్పాడు. మూడవ దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణలలో కోకిలకూజితం, మయూరధ్వని ఉన్నవి. కోకిల గ్రీష్మాదులలో కూసినా కవులు వసంతంలోనే వర్ణిస్తారు. నెమలి ఇతరకాలాలలో అరిచినా వర్షర్తువులోనే వర్ణిస్తారు. చైత్రం దాటి జ్యేష్ఠాషాఢాలలో కూడ కోకిల కూయడం తెలుగునాట ఎవరైనా వినవచ్చును. కవిసమయం అజ్ఞానం కాదు, తెలిసి చేసుకొన్న నియమం. ఈ విషయం విన్నవానికే తెలుస్తుంది. వినని పాఠకుడు కవిసమయాన్ని లోకస్వభావమనుకొంటాడు, లేదా లోకస్వభావాన్ని కవికల్పన అనుకొంటాడు.

రెండవ పొరపాటుకు కాళిదాసు ప్రయోగం ఒక హెచ్చరిక. కుమారసంభవం తృతీయసర్గలో అకాలవసంతాన్ని వర్ణిస్తూ ఆయన కూసినది పుంస్కోకిలమని చెప్పాడు. లోకంలో మధురంగా పాడే స్త్రీని కోకిలతో పోల్చడం పరిపాటి. కాని ప్రసిద్ధమైన ఆ కూత నల్లని మగపక్షిది. మచ్చల ఆడపక్షి గొంతు వేరు, అది పొట్టిగా, కీచుగా ఉంటుంది. పుంశబ్దాన్ని ఛందస్సు కోసం చేర్చినదనుకొనే పాఠకుడు కవి చెవిని అవమానించినవాడవుతాడు.

క్రౌంచం

ఈ చర్చకు అత్యంత ప్రధానమైన స్థలం ఆదికావ్యారంభం. బాలకాండ ద్వితీయసర్గలో వాల్మీకి తమసాతీరాన క్రౌంచమిథునాన్ని చూస్తాడు. నిషాదుని బాణానికి మగపక్షి నేలకూలుతుంది. ఆడపక్షి ఆక్రందనం ఋషి చెవిని పడుతుంది. శోకం శ్లోకమయిన ఘట్టమిది. ఆ జంట కంఠధ్వని ఇంపైనదని, మగపక్షి తల ఎర్రనిదని కవి చెప్పాడు.

తెలుగు పాఠకులలో క్రౌంచమనగానే కొంగను ఊహించేవారున్నారు. కొంగ గొంతు కరకు. దాని తల ఎర్రన కాదు. జూలియా లెస్లీ 1998లో ప్రకటించిన వ్యాసంలో ఈ క్రౌంచం నేడు సారసమని పిలువబడే పెద్దపక్షి అని నిరూపించడానికి యత్నించింది. సారసానికి తల, మెడ పైభాగం ఎర్రగా ఉంటాయి. దంపతులు చిరకాలం కలసి ఉంటాయి. అన్నిటికంటె ముఖ్యం, అవి జంటగా అరుస్తాయి. మెడలు నిక్కించి ఒకటి అందుకొన్న పిలుపును మరొకటి పూరిస్తూ సాగే ఆ ధ్వని చాలా దూరం వినిపిస్తుంది. సంస్కృతగ్రంథాలలో క్రౌంచ సారస శబ్దాలు ఒకేచోట వేర్వేరుగా కనిపించే సందర్భాలున్నవి. కనుక క్రౌంచశబ్దానికి సర్వత్ర ఈ అర్థమే అనడానికి వీలులేదు. కె. ఎన్. దవే 1985లో ప్రకటించిన సంస్కృతసాహిత్య పక్షిగ్రంథం కూడ ఒకే పేరు పలు పక్షులకు వర్తించడాన్ని విస్తారంగా చూపినది. రామాయణసందర్భం వరకు మాత్రం కవి ఇచ్చిన గుర్తులు సారసానికి చక్కగా సరిపోతున్నవి.

ఈ నిర్ణయం వల్ల ఘట్టానికి కలిగే విశేషం చిన్నది కాదు. ఇద్దరు కలిసి పాడే పాటలో ఒక గొంతు నడుమనే ఆగిపోయినది. ఇక మిగిలినది జతలేని గొంతు. వాల్మీకి విన్నది దుఃఖధ్వనిని మాత్రమే కాదు, ఒక లోపాన్ని కూడ. ‘క్రౌంచః పక్షివిశేషః’ అని ముందుకు సాగిన పాఠంలో ఈ నిశ్శబ్దానికి చోటు లేదు. కరుణరసానికి ఆదిస్థానమైన ఘట్టం కేవలం ఒక వృత్తాంతంగా మిగిలిపోతుంది.

బోధనలో శ్రవణం

పై పరిశీలన నుండి బోధనకు కొన్ని సూచనలు లభిస్తున్నవి. శిక్షాపాఠానికి ముందు విద్యార్థులు వారం రోజులు ఉదయసంధ్యలో ఒకే చోట కూర్చుండి వినవచ్చును. గమనించవలసిన అంశాలు నాలుగు: ధ్వని వినబడిన కాలం, దాని దీర్ఘత, ఎన్నిసార్లు ఆవృత్తి అయినది, దానికి బదులు పలికిన ధ్వని ఉన్నదా లేదా అన్నది. పక్షి పేరు అడగక ముందే విన్న ధ్వనిని ఎవరికి వారు తెలుగు లిపిలో వ్రాయడం మంచిది. పదిమంది వ్రాసినవి పదిరకాలుగా ఉంటాయి. యాస్క ఔపమన్యవుల వివాదాన్ని ప్రవేశపెట్టడానికి అంతకంటె తగిన సందర్భం ఉండదు. మండూకసూక్తాన్ని ఆషాఢశ్రావణాలలో, మంచి వాన కురిసిన మరునాటి రాత్రి చెరువుగట్టున విన్న తరువాత చదివితే, ఉపమానాలకు వ్యాఖ్యానం చాలవరకు అనవసరమవుతుంది.

అన్ని ధ్వనులూ అన్నిచోట్లా లభించవు. సారసం ఉత్తరప్రదేశ్‌కు రాష్ట్రపక్షి. తెలుగు విద్యార్థికి పరిసరాలలో దానిని వినే అవకాశం లేదనే చెప్పాలి. అటువంటి వాటికి నేడు అంతర్జాలంలో దొరికే ధ్వనిముద్రణలు ఉపకరిస్తాయి. గొంతు వినిపించగానే పక్షి పేరు చెప్పే సాధనాలు కూడ చేతిఫోనులోకి వచ్చినవి. పేరు తెలియడం శ్రవణానికి ఆరంభమే కాని ముగింపు కాదు. ‘పక్షివిశేషః’ స్థానంలో మరొక పేరు వచ్చి చేరినంత మాత్రాన పాఠం మారదు. యంత్రం చెప్పిన పేరును చెవితో సరిచూసుకొనే అలవాటు ఉన్నప్పుడే అది శాస్త్రానికి తోడ్పడుతుంది.

ప్రాచ్యకళాశాలలలో తాళపత్రాల రక్షణకు, పాఠపరిష్కరణకు గుర్తింపు ఉన్నది. పైన పేర్కొన్న గ్రంథాల విషయంలో పాలపిట్ట వాలే మోడు, కప్పలు చేరే చెరువు, కోకిల కూసే మామిడితోపు కూడ ఆధారసామగ్రిలోనివే. తాళపత్రం చెదలు పట్టితే ప్రతికృతి మిగలవచ్చును. చెరువు పూడిపోతే మండూకసూక్తంలోని గురుశిష్యుల ఉపమానాన్ని సరిచూసే చోటు ఆ ఊరికి ఉండదు. అందువల్ల ఈ ధ్వనులను వినడం, ఏ నెలలో ఏ చోట ఏది వినబడినదో నమోదు చేసి ఉంచడం సంస్కృతాంధ్ర అధ్యాపకుల పరిశోధనలో భాగం కాదగినది. ప్రతి కళాశాలా తన ఆవరణలో వినబడే ధ్వనులను మాసక్రమంలో, వాటి సంస్కృతాంధ్రనామాలతో, ప్రయోగస్థలాలతో ఒక పట్టికగా సిద్ధపరిస్తే, శిక్ష నుండి కావ్యం దాకా అనేక పాఠాలకు అది ఉపయోగపడే వ్యాఖ్యానమవుతుంది.